ఫోన్ ఎన్ని గంటలకు ఇంటికి వస్తుంది?

పల్నాడులోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను భౌతిక శాస్త్రం బోధిస్తాను. పదో తరగతి వాట్సాప్ గ్రూపులో సాయంత్రం 5 గంటలకు ఒక ప్రశ్న పెడితే, మొదటి జవాబు రాత్రి 9 దాటాకే వచ్చేది. చాలాకాలం దీన్ని పిల్లల బద్ధకం కిందే జమకట్టాను. ఒకరిద్దరిని తరగతిలో నిలబెట్టి మందలించాను కూడా. కిందటి డిసెంబరులో ఒక అమ్మాయి జవాబు రాత్రి 9 గంటల 52 నిమిషాలకు వచ్చింది. వీధి దీపం వెలుతురులో తీసిన ఫొటో అది. నోటు పుస్తకం పేజీలో సగం మీద ఫోన్ పట్టుకున్న చేతి నీడ పడి ఉంది. ఆ నీడలోనే కుంభాకార కటకం గీసి, కిరణాలను స్కేలుతో సాగదీసి, ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుందో ఒక్క తప్పు లేకుండా చూపించింది. మర్నాడు "ఇంత ఆలస్యమెందుకమ్మా?" అని అడిగితే, "నాన్న తొమ్మిదిన్నరకి వచ్చాడు మేడం" అంది. ఆమె తండ్రి ఆటో నడుపుతాడు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్ ఫోనూ ఉదయం ఆయన జేబులో బయలుదేరి, రాత్రి ఆయనతోనే తిరిగి వస్తుంది.

ఆ రోజే తరగతిలో ప్రశ్న మార్చి అడిగాను. ఇంట్లో స్మార్ట్ ఫోన్ ఉన్నవాళ్లు చేతులెత్తమంటే 38 మందిలో 35 చేతులు లేచాయి. సాయంత్రం 6 నుంచి 8 దాకా ఆ ఫోన్ ఇంట్లోనే ఉంటుందా అన్నప్పుడు లేచినవి 14. ఆ వేళకు అందులో డేటా మిగిలి ఉంటుందా అంటే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి 9 మంది ఎత్తారు, వారిలో ఇద్దరు సగం ఎత్తి దించేశారు. ఫోన్ ఇంటికి వచ్చే వేళను ప్రతి ఒక్కరి పేరు ఎదురుగా హాజరు పట్టీ వెనక పేజీలో రాసుకున్నాను. ఇరవయ్యేళ్లుగా పిల్లల గురించి ఎన్నో జాబితాలు రాశాను గాని, ఇంత పనికివచ్చిన జాబితా మరొకటి రాయలేదు.

2020లో బళ్లు మూతపడినప్పుడు కూడా మేము జాబితాలు రాశాం. స్మార్ట్ ఫోన్, నెట్ ఉన్నవాళ్లు ఒకటి, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవాళ్లు ఒకటి, ఏదీ లేనివాళ్లు ఒకటి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీ-శాట్ చానళ్లలో వచ్చాయి. ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి నేను అడిగిన ప్రశ్న "ఫోన్ ఉందా?" అని. ఉందన్నారు, మొదటి జాబితాలో వేసుకున్నాను. అది ఎవరి జేబులో ఉంటుందని గాని, ఎంతసేపు ఉంటుందని గాని అడగాలని నాకు తట్టలేదు. మొదటి జాబితాలో వేసిన పిల్లల్లో ఎందరికి ఆ ఏడాది పాఠం అందలేదో ఇప్పుడు ఊహించుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. పల్లె పిల్లల చదువుపై సర్వే చేసే అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్ ఫోన్ ఉంది. 82 శాతం మందికి దాన్ని వాడటం వచ్చు. అయితే వాడటం వచ్చిన వాళ్లలో సొంత ఫోన్ ఉన్నది మగపిల్లల్లో 36 శాతానికి, ఆడపిల్లల్లో 27 శాతానికి మాత్రమే. మిగిలిన వాళ్లంతా తండ్రిదో, అన్నదో, మేనమామదో అడిగి పుచ్చుకోవాలి. 2017-18లో జాతీయ నమూనా సర్వే చేసినప్పుడు గ్రామీణ కుటుంబాల్లో సుమారు 15 శాతానికే నెట్ సదుపాయం ఉంది కనుక ఇదంతా పెద్ద మార్పే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర పడిపోవడం వల్లే ఈ మార్పు వచ్చిందన్నది అందరికీ తెలిసిన విషయం. కానీ ఆ చౌక డేటా మనిషికి వచ్చింది, ఇంటికి రాలేదు. నీళ్ల కుళాయి ఇంటి ముందు ఉండటానికీ, ఇంటాయన భుజాన నీళ్ల సీసా ఉండటానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే ఉంది.

పిల్లలకు నెట్ లేకపోతే మునిగేదేముంది, మనం చదువుకోలేదా అని స్టాఫ్ రూములో సహోద్యోగులే అంటుంటారు. మా ప్రభుత్వ పాఠ్యపుస్తకాన్ని తెరిచి చూస్తే దానికి జవాబు కనిపిస్తుంది. పుస్తకం ఉచితం. ఒక పక్క పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. పాఠం మొదట్లో ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని ఫోన్‌తో చూస్తే దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలోని వీడియో, అభ్యాసాలు తెరుచుకుంటాయి. అంటే ఉచితంగా ఇచ్చిన పుస్తకంలో కొంత భాగం కాగితం మీద ఉంది, కొంత భాగం డేటా కొనుక్కుంటేనే కనిపిస్తుంది. పైగా ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లవాడికి ఇంట్లో అర్థం చెప్పేవాళ్లు ఉండరు. 'రిఫ్రాక్షన్' అన్న మాట దగ్గర ఆగిపోయిన పిల్ల, పక్క పేజీలో 'వక్రీభవనం' చదివినా ఆగిన చోటే ఉంటుంది. ఆ ఇంట్లో రెండు మాటలూ కొత్తవే. గ్లాసు నీళ్లలో పెన్సిలు వంగినట్టు కనిపించే రెండు నిమిషాల వీడియో చూస్తే ఆ పిల్ల ముందుకు కదులుతుంది.

2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం 4.5 లక్షలకు పైగా ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినప్పుడు పాఠాలను ముందే మెమరీ కార్డులో నింపి ఇచ్చింది. నెట్ లేని ఇళ్లలో కూడా నడవాలన్న ఆ ఆలోచన సరైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. అయితే కార్డులో ఉన్న పాఠం అర్థం కాని పిల్లవాడు మరొక విధంగా చెప్పిన పాఠం కోసం వెతకాలంటే దానికి నెట్ కావాలి. టీచరును అడగాలన్నా నెట్టే కావాలి.

డేటా సంగతి కొంచెం లెక్క వేసి చెబుతాను. లెక్కలు వేయడం నా వృత్తిలో భాగం కాబట్టే కాదు, ఈ విషయంలో పేదవాళ్లు ఎంత కడుతున్నారో లెక్క వేస్తే తప్ప బయటపడదు కాబట్టి. 2024 జులైలో ధరలు పెరిగాక, రోజుకు 1.5 జీబీ ఇచ్చే మామూలు ప్లాను ఒకటి 28 రోజులకు 299 రూపాయలయింది. నెల అంటే 28 రోజులు కనుక ఏడాదికి 13 సార్లు రీఛార్జి చేయాలి, అంటే 3,887 రూపాయలు. ఇంట్లో తల్లికీ తండ్రికీ చెరొక ఫోన్ ఉంటే 7,774. ఇంటికంతటికీ సరిపోయే, తీగ ద్వారా వచ్చే 30 ఎంబీపీఎస్ (సెకనుకు 30 మెగాబిట్ల) ఫైబర్ ప్లాను నెలకు 399 రూపాయలకు దొరుకుతుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే 470 రూపాయల 82 పైసలు, ఏడాదికి సుమారు 5,650. రెండు ఫోన్ల రీఛార్జి కంటే ఇది తక్కువే. అయినా ఆ ఇళ్లలో ఫైబర్ ఉండదు, ఎందుకంటే ఫైబర్ పెట్టించుకున్నంత మాత్రాన ఫోన్ రీఛార్జి మానేయడం కుదరదు. ఆటో నడిపేవాడికి బేరం ఫోన్లోనే వస్తుంది, డబ్బూ ఫోన్లోనే పడుతుంది. తల్లి ఫోన్ మాత్రం మాటలకే సరిపోతుంది; కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు విడిగా ఉండాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది గనుక అక్కడ కొంత మిగిల్చుకోవచ్చు. ఈ వెసులుబాటు ఉందని మా పిల్లల తల్లుల్లో ఒక్కరికీ తెలియదు. రీఛార్జి కొట్టులో ఎవరూ చెప్పరు, అడిగితే తప్ప చూపించరు.

ఇక రోజుకు 1.5 జీబీ అన్నది ఇంటికి చేరే వేళకు ఎంత మిగులుతుందో చూడాలి. స్టాండులో బేరం కోసం ఎదురుచూసే మనిషి వీడియోలు చూస్తాడు. ఆయన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఎండలో గంటల తరబడి కూర్చునే పని అది. కోటా అయిపోయాక వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. నేను పంపే 2 ఎంబీల ప్రశ్నపత్రం ఆ వేగంతో దిగడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది, అది ఫర్వాలేదు. అరగంట పాఠం వీడియో 250 ఎంబీలనుకుంటే అది దిగడానికి ఎనిమిదిన్నర గంటలకు పైగా కావాలి. అంటే రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లవారి ఆరున్నర దాటుతుంది, అప్పటికి తండ్రి ఆటో తీస్తుంటాడు.

నెట్‌ను ఇంటింటికీ ఎలా చేర్చాలన్న ప్రశ్నకు మన రాష్ట్రంలో ఒకప్పుడు చాలా మంచి జవాబే దొరికింది, దాన్ని మనం తగినంతగా గుర్తుపెట్టుకోలేదని నా బాధ. గుంతలు తవ్వి భూమిలో కేబుల్ వేస్తే వేల కోట్లు అవుతాయని, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. దానికి అయిన ఖర్చు 333 కోట్లని అప్పట్లో ప్రభుత్వం ప్రకటించింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చి చూశారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు టీవీ చానళ్లు, ఫోను, 15 ఎంబీపీఎస్ వేగంతో 5 జీబీ నెట్, మూడూ ఒకే తీగ మీద ఇచ్చారు.

5 జీబీ అంటే నా లెక్కలో అరగంట పాఠాలు ఇరవై. గొప్ప సంగతేమీ కాదనిపించవచ్చు. కానీ ఆ పథకంలో నేను మెచ్చుకునేది అంకెలను కాదు, టీవీ బిల్లు మీద నెట్ ఇంట్లోకి రావడాన్ని. పేద ఇంట్లో నెట్ కోసం ప్రత్యేకంగా డబ్బు తీయమంటే ఎవరూ తీయరు; టీవీకి మాత్రం కూలీ డబ్బుల్లోంచే అయినా నెలనెలా కడతారు. టీవీతో కలిపి ఇచ్చే కనెక్షన్ ఒకటి మా ఊళ్లోకి వచ్చినప్పుడు కూలిపనికి వెళ్లే ఒక ఇంటి పిల్లవాడు కేబుల్ అబ్బాయి వెళ్లిపోయాక పెట్టెను తిరగేసి, అడుగున అంటించిన స్టిక్కరు మీది పాస్‌వర్డును అరచేతి మీద బాల్ పెన్నుతో రాసుకుని బడికి వచ్చాడు. అదేమిటని అడిగితే "మా ఇంటి వైఫై మేడం" అని చెయ్యి చాపి చూపించాడు. వాళ్ల నాన్న సీరియల్ కోసం, క్రికెట్ కోసం పెట్టించిన తీగ అది. ఆ ఏడాది ఆ పిల్లవాడు దీక్షలోని విద్యుత్ పాఠాలన్నీ చూసి, నేను చెప్పకముందే నిరోధాల శ్రేణి సంధానం లెక్కలు చేసుకొచ్చేవాడు.

149 రూపాయల ధర ఎక్కువ కాలం నిలవలేదు. మా వీధిలో ఆ పిల్లవాడి ఇంటి కనెక్షన్ కూడా నిలవలేదు. కోతలయ్యాక వరిగడ్డి ఎత్తుగా వేసుకుని వెళ్తున్న ట్రాక్టరు తగిలి తీగ తెగింది, అతికించడానికి పన్నెండు రోజులు ఎవరూ రాలేదు, ఈలోగా ఆ ఇంటివాళ్లు డిష్ పెట్టించుకున్నారు. డిష్‌తో టీవీ వచ్చింది, నెట్ పోయింది. స్తంభాల మీదుగా తీగ లాగడంలో ఉన్న ఇబ్బందే ఇది: చవకగా వెళ్తుంది, చవకగానే తెగుతుంది. గాలివానకూ కోతులకూ ట్రాక్టర్లకూ అందుబాటులో ఉంటుంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఆ రాష్ట్ర ఫైబర్ పథకం టీ-ఫైబర్ గొట్టాలు వేయడం ఆ విధంగా ముందుచూపు గల పని. అయితే భూమిలో వేసినా, స్తంభం మీద వేసినా, తెగిన రోజున వచ్చి అతికించే మనిషికి జీతమిచ్చే ఏర్పాటు లేకపోతే తీగ ఉండీ లేనట్టే. పథకాలు ప్రకటించేటప్పుడు కిలోమీటర్లు చెబుతారు గాని, ఎన్ని గంటల్లో అతికిస్తారో చెప్పరు. పరీక్షలకు ముందు పన్నెండు రోజులంటే పిల్లలకు ఎంత కాలమో నాకు తెలుసు.

కేంద్రం చేపట్టిన భారత్‌నెట్‌కు 2011 అక్టోబరులో అనుమతి వచ్చింది. ప్రతి గ్రామ పంచాయతీకీ ఫైబర్ చేర్చాలన్నది దాని ఉద్దేశం. 2023 ఆగస్టులో దాన్ని విస్తరించడానికి 1.39 లక్షల కోట్ల రూపాయలు మంజూరు చేశారు. టెలికాం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని సార్వత్రిక సేవ కోసం చెల్లిస్తాయి, ఆ నిధికి ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అని పేరు. మారుమూలకూ పేదలకూ సేవ అందించడానికే ఆ డబ్బు. మా మండలంలో నేను చూసినంతవరకు ఫైబర్ పంచాయతీ కార్యాలయం గోడ దాకా వచ్చింది. అక్కడి నుంచి కాలనీలోని ఆఖరి ఇంటికి ఎనిమిది వందల అడుగులుంటుంది. ఆ ఎనిమిది వందల అడుగుల సంగతి ఎవరి పద్దులో ఉందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

నా చిన్నప్పుడు మా వీధి చివరి పూరిళ్లకు కుటీర జ్యోతి కింద కరెంటు వచ్చింది. 1988-89లో కేంద్రం మొదలుపెట్టిన పథకం అది. పేద ఇంటికి ఒకే ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చేవారు. ఫ్యాను లేదు, ప్లగ్గు లేదు. కానీ ఆ బల్బు ఇంట్లోనే ఉండేది. తండ్రి పొలం వెళ్తూ జేబులో వేసుకుపోయేది కాదు. దాని కింద చదువుకుని పైకి వచ్చిన వాళ్లు మా ఊళ్లో ఉన్నారు. నెట్ విషయంలో నేను కోరుకుంటున్నది సరిగ్గా అటువంటి ఒక్క బల్బు కనెక్షనే. 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే వేగం కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి. ఆ రెండే ఇవ్వండి. రోజువారీ కోటా పెట్టకుండా, రేషన్ కార్డు ఉండి బడికి వెళ్లే పిల్లలున్న ఇంటికి ఇవ్వండి. పాఠం వీడియో నడవడానికి, ఫొటో పంపడానికి, మాటకు అర్థం వెతకడానికి అది చాలు. అంతకంటే వేగం కావాలన్నవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కుంటారు.

చదువు సైట్లను మాత్రమే ఉచితంగా చూడనిచ్చి మిగిలినవి మూసేస్తే సరిపోదా అని ఒక తండ్రే నన్ను అడిగారు. చూసే సైటును బట్టి వేర్వేరు ధర పెట్టడాన్ని ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది, ఆ నిషేధం మంచిదేనని నా నమ్మకం. ఏది చదువో ఏది కాదో కంపెనీ నిర్ణయిస్తే, మా బడి అమ్మాయి పాలిటెక్నిక్ దరఖాస్తు గాని, కులధ్రువీకరణ పత్రం గాని, ఉపకార వేతనం గాని ఆ ఉచిత గడిలో ఉంటాయా?

కేరళ ప్రభుత్వం 2017లోనే నెట్ పౌరుల హక్కు అని ప్రకటించి, 2023 జూన్ 5న కె-ఫోన్ అనే తన ఫైబర్ నెట్ పథకాన్ని ప్రారంభించింది; 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇవ్వాలన్నది లక్ష్యం, తొలి విడతగా నియోజకవర్గానికి వంద చొప్పున 14,000 ఇళ్లను ఎంచుకున్నారు. 20 లక్షలకూ 14 వేలకూ ఉన్న దూరం చూస్తే నిట్టూర్పు వస్తుంది. అయినా వాళ్లు లెక్క ఇంటి చొప్పున వేశారు, మనిషి చొప్పున కాదు. అమెరికాలో పేద కుటుంబాలకు నెట్ బిల్లులో నెలకు 30 డాలర్ల దాకా తగ్గించిన పథకాన్ని సుమారు 2.3 కోట్ల కుటుంబాలు వాడుకున్నాయి. నిధులు అయిపోయి 2024 జూన్‌లో అది ఆగిపోయింది. న్యూయార్క్ రాష్ట్రం మాత్రం పేదలకు 15 డాలర్ల ప్లాను ఇచ్చి తీరాలని కంపెనీలకే చట్టం చేసింది, 2025 జనవరి నుంచి అది అమలవుతోంది. బడ్జెట్‌లోంచి వచ్చే రాయితీ ఏ ఏడాదైనా ఆగిపోవచ్చు కనుక, ఆ రెండో పద్ధతే నాకు గట్టిదనిపిస్తుంది.

తల్లికి వందనం పథకం కింద 2025 జూన్‌లో బిడ్డకు 13,000 రూపాయల చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి కదా, అందులోంచి కట్టుకోవచ్చు కదా అనే మాట కూడా విన్నాను. 13,000లో 5,650 తీస్తే ఐదింట రెండు వంతులకు పైగా పోతుంది. ఆ డబ్బు ఇంటి అద్దెకో, అప్పు వడ్డీకో పోవడం నేను చూస్తూనే ఉన్నాను. దాన్ని తప్పని నేననలేను.

రెండేళ్ల కిందట నేను మరొక దారి పట్టాను. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకంలో లైసెన్సు అవసరం లేకుండానే కిరాణా కొట్టువాళ్లు కూడా తమ నెట్‌ను వైఫైగా చుట్టుపక్కలవాళ్లకు అమ్మవచ్చు. కాలనీ మొదట్లో కిరాణా కొట్టు నడిపే అతన్ని ఒప్పించాను. ఆ కొట్టు కోసం కనెక్షన్ అడిగితే, ఇళ్లకు ఇచ్చే ప్లాను అందుకు ఇవ్వం, వ్యాపారపు లైను తీసుకోవాలని ఒక కంపెనీ మనిషి చెప్పిన ధర ఆ కొట్టు నెల లాభం కంటే ఎక్కువ. ఈ ఇబ్బంది దేశమంతటా ఉన్నదేనని తర్వాత తెలిసింది. 200 ఎంబీపీఎస్ దాకా ప్లాన్లకు ఇటువంటి చిన్న కొట్లనుంచి మామూలు ఇంటి ధరకు రెట్టింపు కంటే ఎక్కువ వసూలు చేయకూడదని 2025 జూన్‌లో ట్రాయ్ ఆదేశించింది. ఆ ఆదేశం తర్వాత మా కొట్టులో వైఫై మొదలైంది. మగపిల్లలు సాయంత్రం అక్కడి అరుగు మీద చేరి పాఠాలూ చూస్తున్నారు, ఆటలూ ఆడుతున్నారు. ఆడపిల్లలు ఒక్కరూ రాలేదు. చీకటి పడ్డాక కొట్టు అరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న ఆడపిల్లను మా ఊరు ఎలా చూస్తుందో నాకు తెలియనిది కాదు, అయినా ముందే ఆలోచించలేదు. ఆ ఏర్పాటు మీద నాకు ఉన్న ఆశలో సగం అక్కడే పోయింది. ఆడపిల్లకు నెట్ అంటే ఇంటి నాలుగు గోడల మధ్యకు రావలసిందే.

ఇంటి కనెక్షన్ కూడా అందని పిల్లలు మా బడిలో ఉన్నారు, వాళ్ల గురించి రాయకపోతే ఇది అసంపూర్ణం. మిరప కోతల కాలంలో కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మా పొలాలకు వలస వస్తాయి. వాళ్లు దాన్ని సుగ్గికి రావడమంటారు. పొలం గట్ల మీద టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు. సొంత ఊళ్లో వాళ్ల ఇంటికి తాళం ఉంటుంది. ఆ ఇంటికి కనెక్షన్ ఇచ్చినా అది తాళం లోపలే వెలుగుతుంది. ఆ పిల్లల్లో ఇద్దరు కిందటి ఏడు మూడు నెలలు మా తొమ్మిదో తరగతిలో కూర్చున్నారు. వాళ్లకు పనికివచ్చేది బడిలోని నెట్ ఒక్కటే, అదీ సాయంత్రం ఎనిమిది దాకా బడి తెరిచి, దీపం వేసి, ఒక మనిషి కూర్చుంటేనే. 2024-25 లెక్కల ప్రకారం దేశంలో నెట్ ఉన్న బడులు 63.5 శాతం. మాది ఆ లెక్కలో ఉంది. ఎనిమిది దాకా కూర్చునే మనిషి లేడు. వారానికి రెండు రోజులు నేను కూర్చుంటున్నాను.

హాజరు పట్టీ వెనక రాసుకున్న జాబితా పట్టుకుని సంక్రాంతి తర్వాత కేబుల్ ఆపరేటర్ దగ్గరకు వెళ్లాను. నెలకు 471 రూపాయలు ఒక్కసారి ఇవ్వలేని ఇల్లు వారానికి 110 ఇవ్వగలదేమో చూడమన్నాను, ఎందుకంటే మిరప కోతల కూలీ వారానికోసారి చేతికొస్తుంది, నెలకోసారి కాదు. ఆయన చాలాసేపు ఆలోచించి, "కంపెనీకి నేనైతే నెల మొత్తం ముందే కట్టాలండి, మేడం గారూ. ఎవరన్నా ఎగ్గొడితే నా చేతిది పోద్ది" అన్నారు. పాత విద్యార్థులు కొందరు ఆ పూచీ తీసుకున్నారు, డిపాజిట్లు కూడా వాళ్లే కట్టారు. జాబితాలోని ఇళ్లలో నాలుగు చేరాయి. ఆపరేటర్ మనిషి శనివారం సాయంత్రం కూలీలు ట్రాక్టరు దిగే వేళకు వస్తాడు, పాల పుస్తకం లాంటి చిన్న పుస్తకంలో 110 రాసుకుని వెళ్తాడు. మూడు నెలల్లో ఒక్క ఇల్లు ఒక్క వారం మాత్రమే తప్పింది, పై వారం రెండూ కలిపి కట్టింది. మిగిలిన ఇళ్లవాళ్లు 110 కూడా తమవల్ల కాదన్నారు. వాళ్లకు ప్రభుత్వం చేయవలసిందే తప్ప నేనూ ఆ ఆపరేటరూ చేయగలిగింది లేదు.

రాత్రి 9:52కు జవాబు పంపిన అమ్మాయి ఇల్లు ఆ నాలుగింటిలో లేదు. తండ్రి ఒప్పుకున్నాడు, వారానికి 110 కడతానన్నాడు. వాళ్లుండేది అద్దె గది. గోడకు రంధ్రం వేసి తీగ లోపలికి తీసుకోవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోవడం లేదు. ఆయన గుంటూరులో ఉంటారు, ఆదివారం ఊరికి వస్తున్నారని తెలిసింది. కిటికీ చట్రం పక్కనుంచి రంధ్రం లేకుండానే తీగ తీసుకురావచ్చని ఆపరేటర్ మనిషి చూసి చెప్పాడు. ఆ కిటికీని ఫొటో తీసి ఫోన్లో పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆయనకు చూపించి అడుగుతాను.